గంటంతా మడవడానికే పోతోంది, ఈ ఆట మానేయాలా?

ప్రశ్న: జడ్పీ హైస్కూల్లో ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెబుతాను. ఏడో తరగతిలో 44 మంది. ఈ మధ్య ఒక ట్రైనింగ్‌లో కాగితం నాలుగు మూలలూ మడిచి, వేళ్లు దూర్చి, తెరుస్తూ మూస్తూ ప్రశ్నలడిగే ఆట చూపించారు. భాషా నైపుణ్యాలకు బాగా పనికొస్తుందన్నారు. ఉత్సాహంగా మొదలుపెడితే పీరియడంతా మడవడానికే సరిపోయింది. సగం మందికి చతురస్రమే రాలేదు. కొందరు రాకెట్లు చేసి ఎగరేశారు. ఆ గోలకి హెచ్‌ఎం గారు వచ్చి "ఇది డ్రాయింగ్ క్లాసా అమ్మా?" అని అడిగి వెళ్లారు. రెండోసారి ఆడిస్తే పిల్లలు ప్రశ్నలు వదిలేసి ఊరికే తెరిచి మూసి నవ్వుకున్నారు. ఆరో తరగతిలో వత్తులు రాయడం రాని పిల్లలు పది మంది దాకా ఉన్నారు. వాళ్లకి ఇలాంటివేమైనా ఉపయోగపడతాయా? మా ఇంగ్లిష్ మేడమ్ కూడా అడుగుతున్నారు. లేక ఇదంతా టైం వేస్టేనా?
- ఒక తెలుగు టీచర్

సమాధానం:

టీచర్ గారూ,

మానకండి. కాకపోతే మీకు చూపించిన ఆట, మడత ఆటలన్నిట్లోకీ మడవడం ఎక్కువ, మాట్లాడించడం తక్కువ ఉన్నది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి ట్రైనింగుల్లో ముందు దాన్నే చూపిస్తారు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. తర్వాత ఎలా వాడుకోవాలో కింద చెబుతాను.

ఏ ఆట ఎంచుకున్నా ముందు ఒక్క సంగతి చూసుకోండి. ఆ మడత వెనక ఏం దాగింది? అది తెలుసుకోకపోతే పిల్లాడికి ఆట ముందుకు సాగదు అన్నంత అవసరం ఉందా? ఉంటే పిల్లలు అడుగుతారు, వింటారు, చదువుతారు. లేకపోతే మీ క్లాసులో జరిగినట్టే తెరిచి మూసి నవ్వుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. మీ ప్రశ్నలు 'పెద్ద' వ్యతిరేక పదం ఏమిటి, 'సూర్యుడు' పర్యాయపదం చెప్పు లాంటివే అయ్యుంటాయి. జవాబు అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఇక అక్కడ దాచడానికి ఏముంది?

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో ఎన్.ఎస్. ప్రభు అనే భాషా బోధన నిపుణుడు ఇంగ్లిష్ బోధన మీద ఒక ప్రయోగం నడిపించారు. వ్యాకరణ పాఠాల వరుస పక్కన పెట్టి, పిల్లలకు పనులిచ్చి, ఆ పనుల కోసం భాష వాడించారు. ఆయన చెప్పిన మూడు రకాల పనుల్లో ఒకటి ఇదే: ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరి దగ్గర ఉండదు, మాటతోనే అది చేతులు మారాలి. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆయనకు పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి వదిలేయడం పెద్దగా నచ్చేది కాదు. ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయని ఆయన భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అందుకే కింద చెప్పే ఆటల్లో రాయడం గుంపులో జరిగినా, విప్పి చదవడం మాత్రం మీ ఎదుట, క్లాసంతా వింటుండగా జరగాలి. అసలు పాఠం అక్కడే ఉంటుంది.

మొదట మడత వాక్యం ఆడించండి. దీనికి మడవడం నేర్పక్కర్లేదు. ఆరుగురికి ఒక గుంపు, ప్రతివాళ్ల దగ్గరా ఒక పొడుగు కాగితం ముక్క. పాత పరీక్ష పేపర్ల వెనక వైపు చాలు. బోర్డు మీద ఆరు మాటలు నంబర్లు వేసి రాయండి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, దేన్ని, ఏం చేశారు. మీరు చప్పట్లు కొట్టగానే అందరూ పైన 'ఎవరు'కి జవాబు రాసి, రాసింది కనబడకుండా వెనక్కి మడిచి, కుడి పక్క వాళ్లకి ఇస్తారు. మళ్లీ చప్పట్లు, రెండోది. ఆరు కాగితాలూ ఒకేసారి తిరుగుతాయి కాబట్టి ఖాళీగా కూర్చునేవాడు ఉండడు. మీ 44 మందిలో ఏడు గుంపులు పోను ఇద్దరు మిగులుతారు. వాళ్లని చెరో గుంపులో చేర్చి, రాయడం కష్టపడే పిల్లల పక్కన జంటగా కూర్చోబెట్టండి. రాయడమంతా పది నిమిషాల్లో అయిపోతుంది. పెన్సిల్‌తో రాయించండి, నోట్‌బుక్ కాగితం పల్చగా ఉంటే పెన్ను ఇంకు వెనక్కి కనబడుతుంది.

విప్పితే ఇలాంటిది వస్తుంది: "మా నాయనమ్మ నిన్న అర్ధరాత్రి బస్టాండులో ఒంటెతో కలిసి పాత టైరును ఉతికాడు."

క్లాసు ఘొల్లుమంటుంది. ఒంటెకి, టైరుకి నవ్వుతారు. కానీ ఆ నవ్వులోనే ఎవరో ఒకరు "నాయనమ్మ ఉతికాడా?" అని అరుస్తారు. మీరు ఎదురుచూసేది ఆ అరుపు కోసమే. చివరి గడి రాసిన పిల్లాడికి పైన ఎవరున్నారో తెలియదు కదా, తనకి తోచింది రాశాడు. ఇప్పుడు ఆ గుంపే దాన్ని దిద్దాలి. నాయనమ్మ అయితే ఉతికింది. నాయనమ్మ గారు అంటే ఉతికారు. నాయనమ్మ, తాతయ్య ఇద్దరూ అయితే మళ్లీ ఉతికారు. మూడు కోతులైతే ఉతికాయి. నేను అని ఉంటే ఉతికాను. 'నిన్న' ఉన్నచోట ఎవడో 'రేపు' రాస్తే ఉతుకుతుంది. క్రియ కర్తను బట్టి, కాలాన్ని బట్టి మారుతుందని బోర్డు మీద రాసి చెబితే పిల్లలు కాపీ చేసుకుంటారు. ఇక్కడ మాత్రం వాళ్లే తప్పు పట్టుకుని, వాళ్లే దిద్దుతారు. మన భాషలో క్రియ చివర వస్తుంది, కర్త మొదట్లో ఉంటుంది. మడత వల్ల ఈ రెండూ ఒకరికొకరు కనబడకుండా పోతాయి. ఆట తెలుగుకి ఇంత చక్కగా కుదరడానికి కారణం ఇదే.

రెండు మూడు సార్లు ఆడాక కాస్త బిగించండి. ఈసారి గడుల్లో ప్రత్యయాలు రాయకూడదు, ఉత్త మాట రాయాలి. క్రియ కూడా 'ఉతుకు', 'దాచు', 'మింగు' అని ఊరుకోవాలి. అప్పుడు విప్పితే "మా నాయనమ్మ, నిన్న అర్ధరాత్రి, రోలు, ఒంటె, పాత టైరు, ఉతుకు" అని వస్తుంది. దీన్ని వాక్యం చేయడం విప్పినవాళ్ల పని. రోలు 'రోలులో' అవుతుందా, 'రోట్లో' అవుతుందా? ఇల్లు 'ఇంట్లో', ఊరు 'ఊళ్లో', పెరడు 'పెరట్లో', నోరు 'నోట్లో', చెయ్యి 'చేతిలో'. మాట్లాడేటప్పుడు ఏ పిల్లాడూ 'ఇల్లులో' అనడు, రాసేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు జారిపోతాడు. పై తరగతుల్లో ఇ, టి, తి అంటూ ఔపవిభక్తికాల (విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే మార్పుల) సూత్రం ఎదురైనప్పుడు గుండె జారకుండా ఉండాలంటే, ఈ మార్పులన్నీ ఏడో తరగతిలో ఇలా నోటికి తగిలి ఉండటం మంచిది. సూత్రం పేరు ఇప్పుడే చెప్పకండి. బోర్డు మీద రెండు వరుసలు రాయండి చాలు, ఒక వైపు రోలు, ఇల్లు, ఊరు, ఇంకో వైపు రోటి, ఇంటి, ఊరి.

'దేన్ని' గడిలో ఇంకో చిన్న తమాషా ఉంది. "టైరు ఉతికింది" అన్నా సరిపోతుంది, "టైరును ఉతికింది" అన్నా సరిపోతుంది. కానీ ఆ గడిలో 'డ్రైవరు' అని వస్తే? "డ్రైవరు ఉతికింది" అంటే అర్థం తలకిందులవుతుంది, 'డ్రైవర్ని' అని తీరాలి. ప్రాణం లేనివాటికి ను, ని వదిలేయవచ్చు, మనుషులకు వదలకూడదు. ఈ మాట మీరు చెప్పక ముందే పిల్లల్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు, కాస్త ఆగి చూడండి.

ఒక జాగ్రత్త. ఈ ఆట యూరప్ ఇళ్లల్లో కాలక్షేపంగా ఆడిన రోజుల్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఎక్కడ కలిశారు, ఏమన్నాడు, ఏమంది, చివరికి ఏమైంది అన్న వరుసలో సాగేది. మన ఏడో తరగతిలో ఆ వరుస పెడితే మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరి అమ్మానాన్నలు స్టాఫ్‌రూమ్ ముందు ఉంటారు. 'ఎవరు', 'ఎవరితో' గడుల్లో క్లాసులోని పిల్లల పేర్లు, టీచర్ల పేర్లు, ఊళ్లో మనుషుల పేర్లు రాయకూడదని మొదటి రోజే నియమం పెట్టండి. చుట్టాల వరసలు, జంతువులు, వస్తువులు, కథల్లో మనుషులు చాలు. ఒకరి ఒంటి గురించి, కులం గురించి మాట వస్తే ఆ కాగితం చదవకుండా పక్కన పెట్టేస్తారని కూడా చెప్పండి.

ఎవరైనా పిల్లల ఆట అని తీసిపారేస్తే ఈ సంగతి చెప్పవచ్చు: 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే కలల్లాంటి వింత ఊహలతో కళ సృష్టించిన కవులు, చిత్రకారులు రాత్రిళ్లు కూర్చుని ఇదే ఆడేవారు. అందమైన శవం కొత్త ద్రాక్షసారా తాగుతుంది అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి అలా పుట్టింది, ఆటకు ఆ 'అందమైన శవం' పేరే స్థిరపడింది. వాళ్లు కూడా నామవాచకం, విశేషణం, క్రియ అంటూ గడులు పెట్టుకునే రాశారు. అందుకే వాక్యం ఎంత వింతగా ఉన్నా కూలిపోలేదు. పిల్లలకు మాత్రం ఈ పేరు చెప్పకండి, మిగతా పీరియడంతా శవాల మీదే నడుస్తుంది.

ఇక మీ ఆరో తరగతి వత్తుల పిల్లలు. వాళ్ల కోసం మన లిపే ఒక వీలు కల్పించింది. చాలా వత్తులు అక్షరానికి సరిగ్గా కిందే ఉంటాయి కదా. ఒక చిన్న అట్టముక్క గానీ మందపాటి కాగితం గానీ తీసుకుని, కింది భాగం వేలెడు వెడల్పున వెనక్కి మడవండి. మడత గీతకు ఆనుకునేలా పైన 'అటు' అని పెద్దగా రాయండి. ఇప్పుడు మడత విప్పి, 'టు' కింద ట వత్తు రాయండి. మడిస్తే అటు, విప్పితే అట్టు. ఇలాగే గడి, గడ్డి. మది, మద్ది. వల, వల్ల. కల, కల్ల.

కార్డు మడిచే చూపించాలి. పట్టుకున్న పిల్లాడు "అటు" అని చదివి, దాగిన మాటకు ఆనవాలు చెబుతాడు: "పొద్దున్నే పెనం మీద పోస్తారు." ఎదుటివాళ్లు పలక మీద 'అట్టు' అని వత్తుతో సహా రాసి చూపించాలి. ఆ తర్వాతే విప్పడం. 'గడి'కి "ఆవు మేసేది", 'మది'కి "ఒక చెట్టు పేరు". నోటితో అంటూ రాయమనండి, 'అట్టు' అన్నప్పుడు నాలుక అక్కడ ఒక క్షణం ఎక్కువ ఆగడం వాళ్లకే తెలుస్తుంది. వత్తు రాయని పిల్లల్లో చాలామందికి అసలు ఇబ్బంది ఆ ఆగడం చెవిన పడకపోవడమే. ఆకారం గుర్తులేకపోవడం తర్వాతి సంగతి.

ద్విత్వాలు గట్టిపడ్డాక సంయుక్తాక్షరాలకు వెళ్లండి. ఇక్కడ వాళ్లు రోజూ చేసే తప్పే కార్డు మీదకి ఎక్కించవచ్చు: మడిస్తే 'పుసకం', విప్పితే 'పుస్తకం'. య వత్తు, ర వత్తు మాత్రం ఈ మడతకు సరిగా లొంగవు. య వత్తు పక్కకి లేచి వస్తుంది, ర వత్తు అక్షరాన్ని కింద నుంచి ఒడిసి పట్టుకుంటుంది. వాటికి మామూలు పద్ధతే నయం. కార్డులు తయారుచేసే ముందు ప్రతి మాటనీ వత్తు పెట్టి ఒకసారి మీరే చదువుకోండి. 'ముడి' జోలికి అసలు పోకండి.

మడతల్లో అందరికీ ముందే వచ్చిన ఆట చీటీలు. రాజు, రాణి, దొంగ, పోలీసు ఆడని పిల్లలు ఉండరు. మీకు 44 మంది కాబట్టి 22 జంటలు. సగం చీటీల్లో పొడుపుకథలు, సగం చీటీల్లో విడుపులు రాసి మడిచి డబ్బాలో వేయండి. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" ఒకరికి వస్తుంది, "తేనెపట్టు" ఇంకెవరికో. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" ఒకరికి, "కళ్లు" ఇంకొకరికి. చీటీ ఒకసారి చదువుకుని మడిచి జేబులో పెట్టేయాలి. చూపించడం లేదు, తిరిగి చదవడం లేదు, నోటితో చెప్పుకుంటూ జంట వెతుక్కోవాలి. ఆ తిరగడంలో ఒక్కో పిల్లాడు తన పొడుపుకథ అప్పజెబుతూనే ఉంటాడు, మిగతావాళ్లవి వింటూనే ఉంటాడు. ఇంకోరోజు సామెతలు సగానికి విరిచి ఇవ్వండి: "ఇంట గెలిచి" ఒకరికి, "రచ్చ గెలువు" ఒకరికి. "పిట్ట కొంచెం" ఒకరికి, "కూత ఘనం" ఒకరికి. ఇది గోల ఆట, ముందే చెబుతున్నాను. చివరి పీరియడ్‌కి పెట్టుకోండి, వీలైతే చెట్టు కింద.

ఇప్పుడు మీ నాలుగు మూలల ఆట. మడవడం క్లాసులో నేర్పకండి. ఏ ఊళ్లోనైనా క్లాసులో కొందరికి అది ముందే వచ్చి ఉంటుంది. వాళ్లకి ముందు రోజు చెప్పి, మధ్యాహ్న భోజనం తర్వాత మిగతావాళ్లకి నేర్పమనండి. ఏ4 కాగితంలో చతురస్రం తీశాక సుమారు 9 సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది. పారేయకండి, మడత వాక్యానికి అది సరిగ్గా సరిపోతుంది.

బయట నాలుగు రేకుల మీద రంగుల పేర్లు రాస్తారు కదా. పిల్లలు ఒక రంగు ఎంచుకుంటే దాని పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు తెరవాలి. 'ఎరుపు' మూడు. 'ఆకుపచ్చ' నాలుగా, అయిదా? 'చ్చ' ఒక అక్షరమా, రెండా? ఈ తగువు వచ్చేదాకా ఆగండి, వచ్చాక వాళ్లనే తేల్చనివ్వండి. ఈ కాగితం రెండు వైపులకు తెరుచుకుంటుంది, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఛందస్సు చెప్పే తరగతికి వెళ్లాక దాన్ని వాడుకోవచ్చు. గురువుకి నిలువుగా, లఘువుకి అడ్డంగా తెరవమనండి. 'పసుపు' అంటే మూడుసార్లూ అడ్డంగానే. 'నీలం' రెండుసార్లూ నిలువుగా. 'ఆకుపచ్చ' నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. అక్కడ 'ప' ఎందుకు గురువైందో వేళ్లు ఆగిన చోట చెబితే మరిచిపోరు.

లోపలి ఎనిమిది ప్రశ్నలు మార్చేయండి. అడిగేవాళ్లకి జవాబు తెలియని ప్రశ్నలే ఉండాలి. మీ ఇంట్లో చేసే ఏ కూర నీకు నచ్చదు, ఎందుకు? అబద్ధం చెప్పి దొరికిపోయావా, ఎలా? మీ వీధిలో అందరికంటే ముందు నిద్రలేచేది ఎవరు? జవాబు రెండు వాక్యాల్లో ఉండాలి. విన్నవాళ్లు తర్వాత క్లాసుకి చెప్పాలి. "నాకు కాకరకాయ వేపుడు నచ్చదు" అన్న మాట "తనకి కాకరకాయ వేపుడు నచ్చదని చెప్పింది" అవుతుంది. ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని మీరు ఎలాగూ చెప్పాల్సిన పాఠమే అది. క్లాసుకి చెప్పాల్సి ఉందని తెలిస్తే, ఊరికే తెరిచి మూసే అల్లరి చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

హెచ్‌ఎం గారి మాటకి నొచ్చుకోకండి. ఆయన వచ్చేసరికి కనబడింది రాకెట్లే కదా, ఎవరైనా అదే అడుగుతారు. వివరణలు ఇవ్వకుండా, దిద్దిన మడత వాక్యాలు పిల్లల నోట్‌బుక్కుల్లో అతికించి, కింద సరైన వాక్యం రాయించి, సంతకానికి పంపే పుస్తకాల్లో ఆ పేజీ తెరిచి పెట్టండి. తప్పు, దాని పక్కన దిద్దుబాటు, రెండూ పిల్లాడి చేతిరాతలోనే ఉంటాయి. అంతకంటే గట్టి రికార్డు ఏ ఇన్‌స్పెక్షన్‌కీ అక్కర్లేదు. ఆయన సరదా మనిషైతే ఒక గుంపులో కూర్చోబెట్టి 'ఎప్పుడు' గడి రాయించండి. మార్కులు మాత్రం ఎవరు అడిగినా వీటికి వేయకండి. మార్కులున్నాయని తెలిస్తే పిల్లలు ఒంటెలు మానేసి "రాముడు బడిలో పాఠం చదివెను" అని రాస్తారు. పదిహేను రోజులకొకసారి ఆడిస్తే చాలు, రోజూ అయితే వాళ్లకే విసుగు.

మీ ఇంగ్లిష్ మేడమ్‌కి మడత వాక్యమే బాగా పనికొస్తుంది, గడుల వరుస మారుతుంది అంతే. ఎవరు, ఏం చేశారు, దేన్ని, ఎక్కడ, ఎప్పుడు. క్రియ రెండో గడిలోకి వచ్చేస్తుంది, కాలం చివరికి పోతుంది. పైన 'ఈట్స్' అని రాసి ఉన్న వాక్యానికి చివర 'యెస్టర్‌డే' వచ్చిందంటే విప్పిన గుంపు దాన్ని 'ఏట్' చేయాలి. 'మై బ్రదర్స్' పక్కన 'ఈట్స్' వస్తే 'ఈట్' చేయాలి. పదాలు దొరకని పిల్లల కోసం ఆమె ఒక్కో గడికి పది మాటలు బోర్డు మీద రాసి ఉంచితే మంచిది, మన పిల్లలు తెలుగు ఆటలో ఆడినంత ధారాళంగా ఇక్కడ ఆడలేరు. మీ ఇద్దరూ ఒకే వారంలో మాత్రం మొదలుపెట్టకండి. మీ వరుస పిల్లలకు అలవాటయ్యాకే ఆమెని రంగంలోకి దిగమనండి, లేకపోతే రెండు భాషల్లోనూ క్రియ ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం పట్టుకుని మీ మొహం చూస్తారు.